జోసన్ రాజవంశం: 518 ఏళ్ల కొరియా రాజుల వారసత్వ చరిత్ర

మన ఇళ్లలో పిల్లలే కాదు, అత్తాకోడళ్లు కూడా కొరియా సీరియళ్లకు బాగా అలవాటు పడ్డారు. నల్లటి వెడల్పు టోపీలు పెట్టుకున్న మంత్రులు, పట్టుబట్టల్లో రాణులు, మధ్యలో ఒక విషపు గిన్నె. ఇలాంటి రాజుల కథల్లో చాలావరకు ఒకే వంశానికి చెందినవి. ఆ వంశం పేరు జోసన్. 1392 నుంచి 1910 వరకు, అంటే 518 సంవత్సరాలు, కొరియాను ఒకే కుటుంబం ఏలింది. మొత్తం 27 మంది రాజులు. మన విజయనగరాన్ని 1336 నుంచి 1646 వరకు నాలుగు వంశాలు పాలించాయని గుర్తు చేసుకుంటే ఈ లెక్క ఎంత పెద్దదో తెలుస్తుంది. శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్‌లోనూ, ఒకప్పటి విజయనగర రాజధాని పెనుకొండ పక్కన కియాలోనూ మన పిల్లలు కొరియావారితో కలిసి పనిచేస్తున్న రోజులివి. అందుకే వారి చరిత్ర మీద తెలుగులో ఒక వ్యాసం ఉండాలని సంఘం తరఫున దీన్ని సిద్ధం చేశాము.

చరిత్ర పుస్తకాల్లో యుద్ధాలు ముందుంటాయి. మేము వారసత్వాన్ని పట్టుకుని వెళ్తున్నాము. పట్టపురాణికి పుట్టిన పెద్దకొడుకుదే సింహాసనం అన్నది జోసన్ నియమం. కన్ఫ్యూషియస్ బోధనల మీద కట్టుకున్న రాజ్యం కాబట్టి ఈ నియమం వారికి శాస్త్రంతో సమానం. అయితే 27 మందిలో ఆ లెక్కకు అచ్చంగా సరిపోయేవారు, పసితనంలో పోయిన అన్నలను పక్కన పెట్టి చూసినా, ఏడుగురే. మిగిలిన 20 మందిలో వంశకర్త తప్ప అందరూ తమ్ముళ్లు, మనుమలు, ఉపపత్నుల బిడ్డలు, దూరపు దాయాదులు. నియమం తప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు, చాలాసార్లు ఒక పిల్లవాడు, ప్రాణం ఇచ్చుకున్నారు. ఆ తర్వాత కాగితం మీద మాత్రం అంతా నియమప్రకారమే జరిగినట్టు సరిచేశారు. ఆఫీసుల్లో ఫైళ్ల మధ్య బతికిన మాలాంటివాళ్లకు ఈ రెండో పనే ఎక్కువ ఆసక్తి కలిగించింది.

పేర్ల సంగతి

జోసన్ రాజుల ఇంటిపేరు యీ. ఇప్పుడు ఇంగ్లీషులో లీ అని, రీ అని, యీ అని రాసేదంతా ఒకటే. కొరియావారు మనలాగే ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. ఒకే ఇంటిపేరు లక్షల మందికి ఉంటుంది కాబట్టి మూలస్థానం ఊరు కూడా కలిపి చెబుతారు. రాజకుటుంబం 'జంజు యీ' వారు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవారు పెళ్లి చేసుకోకూడదని మొన్నమొన్నటి దాకా చట్టమే ఉండేది. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. సగోత్రం మాట విన్న మనవారికి దీన్ని వేరే వివరించనక్కర్లేదు.

రాజుల పేర్ల చివర జో, జోంగ్, గున్ అని కనబడతాయి. ఇవి రాజు బతికుండగా వాడిన పేర్లు కావు. చనిపోయాక, పూర్వీకుల ఆలయంలో పూజాఫలకం పెట్టేటప్పుడు ఇచ్చేవి. రాజ్యం స్థాపించినవారికి, నిలబెట్టినవారికి జో. మిగిలినవారికి జోంగ్. తర్వాతి కాలంలో కొందరికి జోంగ్ తీసి జో పెట్టి గౌరవం పెంచారు కూడా. గద్దె దించిన రాజుకు ఈ రెండూ ఉండవు, గున్ అంటారు, అంటే మామూలు రాజకుమారుడు. పేరు చూసి ఆ రాజు గతి ఏమైందో చెప్పేయవచ్చు.

మొదటి తరంలోనే నెత్తురు

వంశకర్త యీ సంగ్యే, అంతకుముందున్న గోర్యో రాజ్యంలో సేనాని. 1388లో చైనా మింగ్ సామ్రాజ్యం మీదికి పంపిన సైన్యాన్ని యాలు నదిలోని విహ్వా లంక దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, తన రాజధాని మీదికే నడిపించాడు. నాలుగేళ్లకు తానే రాజయ్యాడు. ఇతనే తేజో. 1394లో రాజధానిని హన్యాంగ్‌కు మార్చాడు. నేటి సియోల్ అదే.

తేజోకు ఎనిమిది మంది కొడుకులు. మొదటి భార్య బిడ్డలు ఆరుగురు, రెండో భార్య రాణి కాంగ్ బిడ్డలు ఇద్దరు. తేజో యువరాజుగా ప్రకటించింది అందరిలో చిన్నవాడైన బాంగ్సక్‌ను. రాజ్యం రూపురేఖలు గీసిన మంత్రి జంగ్ దోజన్ కూడా ఆ పిల్లవాడి పక్షానే నిలిచాడు. తండ్రికి రాజ్యం సంపాదించిపెట్టడంలో అందరికంటే ఎక్కువ కష్టపడిన అయిదో కొడుకు బాంగ్వన్ దీన్ని సహించలేదు. 1398లో ఒక రాత్రి మంత్రిని చంపించాడు. సవతి తమ్ముళ్లిద్దరూ ఆ గొడవలోనే హతమయ్యారు. తేజో విరక్తితో గద్దె దిగిపోయాడు.

బాంగ్వన్ వెంటనే సింహాసనం ఎక్కలేదు. బతికున్న అన్నల్లో పెద్దవాడిని ముందు కూర్చోబెట్టాడు. ఆయనే జంగ్‌జోంగ్. 1400లో ఇంకో అన్న తిరగబడితే అణచి, అప్పుడు తాను యువరాజై, అదే ఏడు రాజయ్యాడు. ఇతనే తేజోంగ్. అన్న నుంచి తమ్ముడికి సక్రమంగా సంక్రమించినట్టు కాగితం తయారైంది. ఆ రెండేళ్ల రాజైన అన్నగారి పేరు ఎవరికీ పట్టలేదు. 1419లో చనిపోయిన ఆయనకు జంగ్‌జోంగ్ అనే ఆలయనామం 1681లో గానీ ఇవ్వలేదు. 262 ఏళ్లు పెండింగులో ఉన్న ఫైలు అన్నమాట.

సవతితల్లి మీద తేజోంగ్ కోపం ఆమె పోయాక కూడా చల్లారలేదు. ఆమె సమాధిని నగరం బయటికి మార్పించాడు. సమాధి రాళ్లను 1410లో ఊరి మధ్య వాగు మీద వంతెనకు వాడారు. సియోల్‌లో చంగ్యేచన్ వాగు పక్కన నడిచేవారికి ఆ చెక్కిన రాళ్లు ఇప్పటికీ కనబడతాయి. రాణిగా ఆమె హోదాను తిరిగి ఇచ్చింది 1669లో.

తేజోంగ్‌ను కేవలం క్రూరుడని తీసిపారేయడం మాకు సబబనిపించలేదు. దొరల సొంత సైన్యాలను రద్దు చేశాడు. పట్టపురాణి పుట్టింటివారు దర్బారులో బలపడకూడదని ఆమె నలుగురు అన్నదమ్ములను బలితీసుకున్నాడు. దుర్మార్గమే. కానీ తర్వాత వచ్చిన కొడుకు నిశ్చింతగా పాలించాడంటే అడ్డు వచ్చేవారంతా అప్పటికే లేకపోవడం వల్లనే. పెద్దకొడుకు యాంగ్న్యంగ్ వ్యసనపరుడని 1418లో యువరాజ పదవి నుంచి తప్పించి, చదువరి అయిన మూడో కొడుకును ఎంచుకున్నాడు. ఆ మూడోవాడే సెజోంగ్. నియమం తప్పడం వల్ల మేలు జరిగిన సందర్భం జోసన్ చరిత్రలో చూపించమంటే అందరూ ముందు చెప్పేది ఇదే.

సెజోంగ్ 1443లో 28 అక్షరాల కొత్త లిపిని తయారు చేయించి, 1446లో లోకానికి ప్రకటించాడు. ఇప్పుడు దాన్నే హంగుల్ అంటున్నారు. అప్పటిదాకా కొరియా భాషకు సొంత అక్షరాలు లేవు, చదువంటే చైనా అక్షరాలే. మామూలు జనం తమ మనసులో మాట రాసుకోలేకపోతున్నారన్నది రాజు చెప్పిన కారణం. పండితులు వద్దన్నారు. దొరల చదువుల్లోకి ఆ లిపి రావడానికి శతాబ్దాలు పట్టింది. అంతవరకు దాన్ని బతికించినవారిలో ముందు చెప్పుకోవలసింది ఆడవారిని. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతూ బోర్డు మీది తెలుగు చదవలేని పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న మన తల్లులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతారని మాకు తెలుసు.

పన్నెండేళ్ల రాజు

సెజోంగ్ పెద్దకొడుకు మున్‌జోంగ్. పట్టపురాణి మొదటి కొడుకు నియమప్రకారం రాజైనది ఈయనతోనే మొదలు. దాదాపు 30 ఏళ్లు యువరాజుగా ఉండి, రెండేళ్లు పాలించి, 1452లో జబ్బుతో పోయాడు. అతని కొడుకు దన్‌జోంగ్‌కు అప్పుడు వారి లెక్కలో పన్నెండేళ్లు. తల్లి ఇతన్ని కన్న మరుసటి రోజే చనిపోయింది. నాయనమ్మ కూడా లేదు. బాలరాజు వెనక తెర చాటున కూర్చుని రాజ్యం నడపడానికి అంతఃపురంలో పెద్దదిక్కు ఎవరూ మిగల్లేదు.

జోసన్ వారసత్వంలో ఇది చాలా ముఖ్యమైన విషయం. రాజు పిల్లవాడైతే అంతఃపురంలోని పెద్దరాణి వెదురుతెర వెనక కూర్చుని పాలించే ఏర్పాటు తర్వాత స్థిరపడింది. మనుమడి పేరిట మధురను ఏలిన రాణి మంగమ్మ కథ తెలిసినవారికి ఇది కొత్త కాదు. అంతకంటే పెద్ద హక్కు ఇంకొకటుంది. రాజు వారసుడు లేకుండా పోతే తర్వాతి రాజు ఎవరో చెప్పేది పెద్దరాణే. రాజును దించాలన్నా ఆమె పేరుమీద ఆజ్ఞ కావాలి. సింహాసనం ఎక్కే హక్కు లేని ఆడవారి చేతిలోనే సింహాసనానికి ముద్ర ఉండేదన్నమాట.

దన్‌జోంగ్‌కు ఆ రక్షణ లేకపోయింది. 1453లో బాబాయి సుయాంగ్ రాజుకు అండగా ఉన్న మంత్రులను చంపి అధికారం చేజిక్కించుకున్నాడు. 1455లో ఆ పిల్లవాడి చేత సింహాసనాన్ని 'స్వచ్ఛందంగా' తనకు ఇప్పించుకున్నాడు. ఇతనే సేజో. మరుసటి ఏడు పాత రాజును తిరిగి నిలబెట్టాలని కుట్ర చేసిన విద్వాంసుల్లో ఆరుగురిని కొరియాలో ఇప్పటికీ విశ్వాసానికి మారుపేరుగా తలుస్తారు. వారిలో హంగుల్ పనిలో సెజోంగ్ దగ్గర పనిచేసినవారున్నారు. దన్‌జోంగ్‌ను కొండల మధ్య యంగ్వల్‌కు పంపారు. మూడు వైపులా నది, నాలుగో వైపు కొండచరియ ఉన్న చోట ఉంచారు. 1457లో యంగ్వల్‌లోనే చనిపోయాడు. అతనికి రాజుగా ఆలయనామం తిరిగి దక్కింది 1698లో, 241 ఏళ్ల తర్వాత.

రాజు చదవకూడని రాజు చరిత్ర

ఇన్ని సంగతులు ఇంత వివరంగా ఎలా తెలుస్తున్నాయని పాఠకులకు సందేహం రావచ్చు. రాజు ఎవరితో మాట్లాడినా పక్కన చరిత్ర లేఖకులు కూర్చునేవారు. చిన్న హోదా ఉద్యోగులు, కానీ వారిని బయటికి పొమ్మనే అధికారం రాజుకు ఉండేది కాదు. రాజు చనిపోయాక ప్రత్యేక కార్యాలయం ఒకటి పెట్టి, ఆ చిత్తుప్రతులన్నీ తెప్పించి, ఆ రాజు చరిత్రను తయారు చేసేవారు. దాన్ని సిల్లోక్ అంటారు, అంటే యథార్థ చరిత్ర. పూర్తయ్యాక చిత్తుప్రతులను వాగులో కడిగి, ఎవరేం రాశారో తెలియకుండా చేసి, ఆ కాగితాన్నే మళ్లీ వాడుకునేవారు. తర్వాతి రాజు తన తండ్రి సిల్లోక్‌ను చదవకూడదు. సెజోంగ్ అంతటివాడు తేజోంగ్ చరిత్ర చూస్తానని అడిగితే మంత్రులు కుదరదన్నారు. ఆయన ఊరుకున్నాడు.

1404లో తేజోంగ్ వేటలో గుర్రం మీదినుంచి పడ్డాడు. లేస్తూనే, ఈ సంగతి చరిత్ర రాసేవాడికి తెలియనివ్వకండి అన్నాడట. పడినదీ, ఆ మాట అన్నదీ రెండూ సిల్లోక్‌లో ఉన్నాయి. రికార్డు అంటే ఇదీ అని మేము చాలామందికి చెబుతుంటాము.

అయితే చిత్తుప్రతి ప్రాణాలు కూడా తీసింది. 1494లో రాజైన యన్సాన్ కాలంలో, 1498లో, కిమ్ ఇల్సన్ అనే లేఖకుడి చిత్తుప్రతిలో ఒక పాత శోకలేఖ దొరికింది. రాసింది అతని గురువు కిమ్ జోంగ్జిక్. పైకి అది చైనాలో ఎప్పుడో హత్యకు గురైన ఒక రాజు గురించి. లోపల మాత్రం దన్‌జోంగ్ గద్దె లాక్కున్న సేజో మీద నింద అని ప్రత్యర్థులు చాడీ చెప్పారు. లేఖకుడిని చంపారు. గురువు అప్పటికే చనిపోయి ఉంటే సమాధి తవ్వి తల నరికించారు. పిల్లరాజు పోయి నలభై ఏళ్లు దాటినా అతని పేరు మీద నెత్తురు కారుతూనే ఉంది. 1504లో యన్సాన్ తన తల్లిని రాణి పదవి నుంచి దించి విషమిచ్చి చంపిన సంగతి మీద పగ తీర్చుకుంటూ మరింతమందిని బలితీసుకున్నాడు. 1506లో మంత్రులే అతన్ని దించారు. ఆజ్ఞ పెద్దరాణి పేరు మీద వచ్చింది. పేరు యన్సాన్‌గున్‌గా మిగిలింది. అతని కాలపు చరిత్రను సిల్లోక్ అనరు, దినచర్య అంటారు.

కృష్ణదేవరాయలు 1509లో పట్టానికి వచ్చేనాటికి అక్కడ గద్దె మీద ఉన్నది యన్సాన్ తర్వాతివాడు జుంగ్‌జోంగ్. ఆయన కొడుకులిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పాలించాక 1567లో నేరువంశం తెగిపోయింది. అప్పుడు పెద్దరాణి జుంగ్‌జోంగ్‌కు ఒక ఉపపత్ని వైపు మనుమడిని ఎంచుకుంది. అతనే సన్‌జో. రాజు కొడుకు గానీ, యువరాజు కొడుకు గానీ కానివాడు రాజు కావడం అదే మొదలు. తన పుట్టుక మీద నమ్మకం చాలని ఈ రాజు కాలంలోనే 1592లో జపాను దండెత్తింది. అతని రెండో కొడుకు గ్వాంగ్హే, అతనూ ఉపపత్ని బిడ్డే, యువరాజుగా యుద్ధకాలంలో దేశమంతా తిరిగి సైన్యాన్ని కూడగట్టాడు. యుద్ధం ముగిశాక ముసలి రాజుకు కొత్త పట్టపురాణి వల్ల కొడుకు పుట్టాడు. ఇక అక్కడినుంచి ఊహించుకోవచ్చు. 1608లో గ్వాంగ్హే రాజైన తర్వాత 1614లో ఆ పసివాడు బందీగా ఉండగా హతమయ్యాడు. తల్లి రాణిని నిర్బంధించారు. 1623లో తిరుగుబాటుదారులు వచ్చి ఆ రాణినే బయటికి తెచ్చి, ఆమె పేరు మీదే గ్వాంగ్హేను దించారు. రాజుగా మంచిచెడులు తూచితే గ్వాంగ్హేకు అన్యాయం జరిగిందనే చరిత్రకారులు నేడు చాలామంది ఉన్నారు. అయినా పేరు చివర గున్ అలాగే ఉంది.

అదే యుద్ధంలో సిల్లోక్ కూడా పోవలసింది. నాలుగు చోట్ల నాలుగు నకళ్లు దాచారు. 1592లో మూడు కాలిపోయాయి. జంజులోని నాలుగోదాన్ని అన్ ఉయీ, సోన్ హోంగ్రోక్ అనే ఇద్దరు పండితులు పెట్టెల్లో పెట్టి నేజాంగ్ కొండల్లోకి మోయించి, కాపలా కాశారు. ఆ ఒక్క ప్రతి నుంచే 1606 నాటికి మళ్లీ అచ్చువేసి, ఈసారి ఎక్కువగా కొండల మీద దాచారు.

ఎన్నాళ్లు మైల పట్టాలి

ఈ భాగం సీరియళ్లలో తక్కువ. మాకు మాత్రం అన్నింటికంటే గొప్పగా తోచింది. 1623లో వచ్చిన ఇంజో మంచూలకు లొంగిపోయి, 1637లో కొడుకులను బందీలుగా పంపాడు. పెద్దకొడుకు సోహ్యన్ 1645లో తిరిగి వచ్చి కొద్ది నెలలకే చనిపోయాడు. అతనికి కొడుకులున్నారు. నియమప్రకారం వారిదే హక్కు. ఇంజో వారిని పక్కకు నెట్టి రెండో కొడుకును యువరాజు చేశాడు. అతనే హ్యోజోంగ్.

1659లో హ్యోజోంగ్ పోయాడు. తండ్రి ఇంజో రెండో భార్య, అంటే వరసకు తల్లి, ఇంకా ఉంది. కొడుకు పోతే తల్లి ఎన్నాళ్లు శోకవస్త్రాలు ధరించాలి? పెద్దకొడుకుకు మూడేళ్లు, తర్వాతివాడికి ఒక ఏడాది. రాజయ్యాడు కాబట్టి హ్యోజోంగ్‌ను పెద్దకొడుకుగా చూడాలని దక్షిణపక్షం. రాజైనా పుట్టుకలో రెండోవాడే అని పశ్చిమపక్షం. ఏడాది అన్నవారు గెలిచారు. పైకి బట్టల తగాదా. అసలు ప్రశ్న వేరు: హ్యోజోంగ్ నిజమైన వారసుడా, అన్న కొడుకుల సొత్తు తిన్నవాడా? 1674లో హ్యోజోంగ్ భార్య పోయినప్పుడు మళ్లీ అదే తగాదా. ఈసారి ఏడాదా, తొమ్మిది నెలలా అని. రాజు పశ్చిమపక్షాన్ని తప్పించాడు, దక్షిణపక్షానికి అధికారం వచ్చింది. మన ఇళ్లలో పెద్దవారు పోయినప్పుడు మైల రోజుల లెక్క మీద జరిగే వాదనలు చూసినవారికి ఇది నవ్వు తెప్పించదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తేలేది అక్కడే.

వడ్ల పెట్టె

1674 నుంచి 46 ఏళ్లు పాలించిన సుక్‌జోంగ్, అతని జాంగ్ రాణి కథ సీరియళ్ల పుణ్యమా అని అందరికీ తెలుసు. 1701లో ఆమెకు విషం ఇచ్చారు. కానీ ఆమె కొడుకే యువరాజుగా మిగిలి 1720లో రాజయ్యాడు. పిల్లలు లేక నాలుగేళ్లకు పోతే, సవతి తమ్ముడు యంగ్‌జో వచ్చాడు. అన్నకు ఏదో పెట్టి చంపించాడన్న పుకారు ఇతన్ని జీవితాంతం వెంటాడింది. తల్లి అంతఃపురంలో దిగువస్థాయి నుంచి వచ్చినది. బహుశా అందుకే కాబోలు, తప్పు వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు ఇవ్వని రాజుగా ఉండాలని పట్టుబట్టి, 52 ఏళ్లు పాలించాడు. వంశంలో అదే ఎక్కువ.

ఆ పట్టుదల కొడుకు మీద పడింది. యువరాజు సాదో తండ్రి ముందు నిలబడటానికే వణికిపోయేవాడు. మతి చలించింది. పనివారిని చంపేవరకూ వెళ్లింది. 1762 ఎండాకాలంలో యంగ్‌జో అతన్ని వడ్లు పోసే చెక్కపెట్టెలోకి ఎక్కమని ఆజ్ఞాపించి మూత వేయించాడు. ఎనిమిదో రోజుకు చనిపోయాడు. వయసు 27. నేరస్థుడని శిక్షిస్తే అతని కొడుకు కూడా నేరస్థుడి బిడ్డవుతాడు, అప్పుడు వారసుడే ఉండడు. శిక్ష కాని శిక్ష అలా వెతికారని చెప్పే వివరణ మాకు సరిగా అనిపిస్తుంది. ఆ ఇల్లాలు హ్యేగ్యంగ్ ముసలితనంలో 1795 నుంచి 1805 వరకు రాసుకున్న జ్ఞాపకాలు నేటికీ నిలిచి ఉన్నాయి. భర్తను కాపాడుకోలేక, కొడుకును మాత్రం కాపాడుకున్న మనిషి రాత అది.

కొడుకును కాపాడింది కూడా కాగితమే. సాదో కంటే ముందు యంగ్‌జోకు హ్యోజాంగ్ అనే కొడుకు ఉండేవాడు. 1728లో తొమ్మిదేళ్లకే పోయాడు. 1764లో మనుమడిని ఆ చనిపోయిన పిల్లవాడికి దత్తు ఇచ్చారు. అంటే తొమ్మిదేళ్ల వయసులో పోయిన పెదనాన్న 36 ఏళ్ల తర్వాత తండ్రి అయ్యాడు. సాదో పేరు వంశక్రమంలోంచి తప్పిపోయింది, వారసత్వం నిలిచింది. ఆ మనుమడే 1776లో రాజైన జంగ్‌జో. గద్దె ఎక్కిన రోజునే తాను సాదో కొడుకునని దర్బారులో బాహాటంగా చెప్పాడు. తండ్రి సమాధిని సువన్‌కు మార్చి, అక్కడ 1794 నుంచి 1796 వరకు హ్వాసంగ్ కోట కట్టించాడు. ఎన్ని రాళ్లు, ఎంతమంది కూలీలు, ఎవరికెంత కూలి, అన్నీ రాసిపెట్టిన ఆ నిర్మాణ గ్రంథాన్ని చూసే 20వ శతాబ్దంలో దెబ్బతిన్న కోటను తిరిగి కట్టారు.

చివరి వంద ఏళ్లు

1800లో జంగ్‌జో పోయాక రాణుల పుట్టిళ్లు రాజ్యాన్ని పంచుకున్నాయి. తేజోంగ్ భయపడినది అదే. 1849లో మళ్లీ వంశం తెగింది. అందోంగ్ కిమ్ కుటుంబానికి చెందిన పెద్దరాణి గాంగ్హ్వా లంకలో వ్యవసాయం చేసుకుంటున్న ఒక పేద దాయాదిని పిలిపించింది. రాజకుటుంబంలో పుట్టినా, అన్నను మరణశిక్షతో పోగొట్టుకుని వెలివాసంలో పెరిగిన కుర్రవాడు. సాదోకు మునిమనుమడు. రాజలాంఛనాలతో మనుషులు రావడం చూసి తననూ చంపడానికే వచ్చారని భయపడ్డాడంటారు. ఇతనే చల్‌జోంగ్. వరసకు ఇతను పోయిన రాజుకు బాబాయి అవుతాడు. బాబాయి వెళ్లి కొడుకు వరసవాడికి పూజ చేయడం ఎలా? అందుకని అంతకు ముందటి రాజుకు దత్తు చేశారు. మన దత్తత కాగితాల్లో వరసలు కుదర్చడానికి పడే తంటాలు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు.

చల్‌జోంగ్ కొడుకులెవరూ బతకలేదు. 1863లో ముద్ర ఇంకొక పెద్దరాణి చేతిలో ఉంది. ఆమె ఎంచుకున్న పిల్లవాడే గోజోంగ్. అతన్ని తన భర్తకు దత్తు తీసుకుంది. ఆ భర్త, యువరాజుగానే 1830లో పోయినవాడు, గోజోంగ్ పుట్టడానికి 22 ఏళ్ల ముందే లేడు. కన్నతండ్రి హుంగ్సన్ మాత్రం బతికే ఉన్నాడు. రాజు కాని రాజుతండ్రి కొడుకు పట్టాభిషేకం కళ్లారా చూడటం జోసన్‌లో ఆ ఒక్కసారే. పదేళ్లు అధికారమంతా ఆయనదే. 1592లో కాలిపోయిన గ్యంగ్‌బోక్ రాజప్రాసాదాన్ని మళ్లీ కట్టించిందీ ఆయనే.

తర్వాతి కథ చాలామందికి తెలిసినదే. గోజోంగ్ రాణిని 1895 అక్టోబరు 8న జపాను మనుషులు అంతఃపురంలోనే చంపారు. 1897లో గోజోంగ్ కొరియాను సామ్రాజ్యంగా ప్రకటించి చక్రవర్తి అయ్యాడు. 1905లో జపాను రక్షణ ఒప్పందం రుద్దింది. దాన్ని లోకానికి చెప్పుకోవడానికి 1907లో హేగ్‌కు దూతలను పంపితే, ఆ నేరానికి ఆయన్నే దించి కొడుకు సున్‌జోంగ్‌ను కూర్చోబెట్టారు. 1910 ఆగస్టు 29న దేశమే జపానులో కలిసిపోయింది. పట్టపురాణి బిడ్డగా నియమానికి సరిపోయిన ఏడుగురిలో చివరివాడు సున్‌జోంగ్. ఆ ఏడుగురిలో సుఖంగా ఏలినది ఎవరని వెతికితే ఒకరిద్దరు కూడా దొరకడం కష్టం.

1919లో గోజోంగ్ అంత్యక్రియల కోసం సియోల్ వచ్చిన జనంతోనే మార్చి 1 స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంది. సున్‌జోంగ్ 1926లో పిల్లలు లేకుండా పోయాడు. అతని తర్వాతి యువరాజు సవతి తమ్ముడు యీ ఉన్. పదేళ్ల వయసులో, 1907లో, చదువు పేరుతో జపాను తీసుకెళ్లారు. అక్కడి రాజకుటుంబపు పిల్ల మసాకోతో 1920లో పెళ్లి చేశారు. స్వదేశానికి తిరిగి రావడం 1963లో గానీ కుదరలేదు. అప్పటికి జబ్బుతో మాట కూడా సరిగా లేదు. 1970లో పోయాడు. గోజోంగ్ చివరి కూతురు దక్హ్యే కూడా బలవంతంగా జపాను వెళ్లి, మతి చెడి, 1962లో తిరిగి వచ్చింది. ఆ ఆడపడుచు, ఈ వదిన మసాకో, ఇద్దరూ చాంగ్‌దక్ ప్రాసాదం ఆవరణలోనే చివరి రోజులు గడిపి, 1989 ఏప్రిల్‌లో తొమ్మిది రోజుల తేడాతో కన్నుమూశారు. యీ ఉన్ కొడుకు యీ గూ అమెరికాలో చదివి భవనశిల్పిగా బతికాడు. సొంత సంతానం లేకుండా 2005లో టోక్యోలో చనిపోయాడు. ఆ తర్వాత కుటుంబ పెద్ద ఎవరన్నదాని మీద దాయాదుల మధ్య ఏకాభిప్రాయం లేదు. దక్షిణ కొరియా గణతంత్రం కాబట్టి చట్టానికి ఆ ప్రశ్నతో పని లేదు.

సిల్లోక్ మాత్రం మిగిలింది. తేజో నుంచి చల్‌జోంగ్ వరకు 25 మంది రాజులు, 472 ఏళ్లు, 1,893 అధ్యాయాలు. చివరి ఇద్దరివి జపాను ఏలుబడిలో తయారయ్యాయని కొరియావారు ఈ లెక్కలో కలపరు. కొండల మీది ప్రతుల్లో ఒకదాన్ని 1913లో టోక్యోకు తరలించారు. 1923 భూకంపంలో అందులో ఎక్కువ భాగం కాలిపోయింది. అక్కడ మిగిలిన సంపుటాలు 2006లో సియోల్‌కు తిరిగి వచ్చాయి. 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో సిల్లోక్‌ను చేర్చారు. నేటి కొరియా భాషలోకి అనువదించి ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టారు. ఒకప్పుడు రాజుకే చూపించనిది ఇప్పుడు బడిపిల్లలు ఫోనులో వెతుక్కుంటున్నారు.

సియోల్ వెళ్లే మనవారు వీలైతే మే నెల మొదటి ఆదివారం చూసుకోవాలని మా సలహా. ఆ రోజు జోంగ్మ్యో ఆలయంలో రాజులకు సంగీతంతో, నాట్యంతో పెద్దపూజ జరుగుతుంది. జంజు యీ వంశస్థులే చేస్తారు. పొడవైన ప్రధానమందిరంలో వరసగా 19 గదులు. మొదటిది తేజోది, పందొమ్మిదోది సున్‌జోంగ్‌ది. యన్సాన్‌కు, గ్వాంగ్హేకు ఎక్కడా గది లేదు. పిల్లరాజు దన్‌జోంగ్‌కు పక్కమందిరంలో చోటు దొరికింది. ఆ పక్కమందిరంలోనే చివరి గదిలో, గద్దె ఎక్కకుండా పోయిన యీ ఉన్ పూజాఫలకం ఉంది.